కొల్లేటికోట మావు

ఏలూరు మీటింగులో శ్రీదుర్గకు శాలువా కప్పి ఎనిమిది నెలలైంది. ఆ శాలువా తాడేపల్లిగూడెంలో ఆమె బీరువా అడుగున, ఎవరికీ కనబడని చోట ఉంది. బాగుండక కాదు.

నీటిపారుదల శాఖలో ఏ మూల కొత్త టెక్నాలజీ పుట్టినా అందరితో పంచుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంజనీరు శ్రీదుర్గ పంచుకుంది. కాలువల్లో నీటిమట్టం కొలిచే సెన్సర్ల కిందికి గుర్రపుడెక్క చేరి, అవి తప్పుడు లెక్కలు పంపేవి. కొల్లేటికోట దగ్గర సెన్సర్ ఒక్కటే బుద్ధిగా పనిచేసేది. వెళ్ళి చూస్తే, కాలువ కనిపెట్టుకుని ఉండే లస్కరు అహరోను దాని కింద చేపలు పట్టే వెదురు మావు దింపి కట్టాడు. డెక్క బయట, నీరు లోపల. శ్రీదుర్గ ఫొటో తీసింది. ఫొటోలో అహరోను చెయ్యి పడితే కత్తిరించింది. ఏలూరు మీటింగుకి పదకొండు స్లయిడ్లు చేసింది. మావును మావంటే ఎవరు వింటారని ‘బయో మెష్ ఫిల్టర్’ అంది. రూపకల్పన అన్నచోట తన పేరు వేసుకుంది. అహరోను పేరు చివరి స్లయిడ్లో పెడదామనుకుంది గానీ, పెద్దక్షరాలతో ‘థాంక్యూ’ వేసేసరికి చోటు చాల్లేదు.

సర్క్యులర్ వెళ్ళింది. ఇరవై రెండు చోట్ల మావులు దిగాయి. వానలు పడగానే చేపలు దూరాయి. దూరినవి బయటికి రాలేదు. మావు పనే అది. అవి ఎగిరిపడ్డప్పుడల్లా వరదొచ్చిందని సెన్సర్లు ఏలూరుకి మెసేజులు పంపాయి. లస్కర్లు మాత్రం ఎన్నడూ లేనంత శ్రద్ధగా రోజూ సెన్సర్లు తనిఖీ చేశారు. ఇళ్ళల్లో పులుసు ఘుమఘుమలాడింది.

పై ఇంజనీరు నాగేశ్వరరావుగారు శ్రీదుర్గను వెంటబెట్టుకుని నేరుగా కొల్లేటికోట వచ్చారు. ఇక్కడి మావులో ఒక్క చేప లేదు.

“ఇదొక్కటే ఎందుకు ఖాళీ అమ్మా? డిజైన్ మీదేగా.”

శ్రీదుర్గకు తెలీదు. ఫొటో తీసిన రోజు అడగలేదు. అడిగితే, ‘ఎందుకండీ మేడమ్‌గారూ’ అనేవాడు అహరోను. ఎందుకో చెప్పాల్సొచ్చేది.

అహరోను మావు పైకి లాగాడు. చేపను రానిచ్చి పోనివ్వని లోపలి మూతి కోసేసి ఉంది.

“మూతి కోసెయ్యాలండి. మేడమ్‌గారు అప్పుడే చెప్పారండి,” అన్నాడు, ఆమె మొహం చూడకుండా. “మిగతా లస్కర్లకీ చెప్పమన్నారండి. నేనే మర్చిపోయాను.”

“మర్చిపోయావా? సగం జిల్లాకి వరదని నన్ను పరిగెత్తించావు కదయ్యా. నీకు మెమో తప్పదు.”

“ఇవ్వండి, పర్లేదండి.”

తిట్టిపోసినా బాగుండేదనిపించింది శ్రీదుర్గకు. ఆరేళ్ళుగా ‘అహరోనూ’ అని ఆమె కేకేసి పిలిచిన పెద్దమనిషి, ఆమె అబద్ధాన్ని తలకెత్తుకుని, గడ్డిమోపు మోసినంత మామూలుగా నిలబడ్డాడు.

“ఆయనేం మర్చిపోలేదండి,” అంది. “నేనేం చెప్పలేదు. ఈ మావు నాది కాదు. ఆయన కట్టింది ఫొటో తీసుకెళ్ళాను. మూతి సంగతి ఇప్పుడే చూస్తున్నాను.”

నాగేశ్వరరావుగారు గొంతు తగ్గించారు.

“విజయవాడ మీటింగుకి మీ పేరు వెళ్ళిందమ్మా. వచ్చే నెల అక్కడ మాట్లాడాల్సింది మీరే.”

“తెలుసండి.”

“పేరు మార్చాలంటే, ఎందుకో మీ చేత్తోనే రాసివ్వాలి. అది మీ సర్వీసు రిజిస్టర్లో ఉండిపోతుంది.”

“రాసిస్తానండి.”

జీపు బానెట్ మీద కాగితం పెట్టి నాలుగు వాక్యాలు రాసింది. రూపకల్పన అన్నచోట కలం ఆగింది.

“మీ ఇంటిపేరేంటండీ, అహరోనుగారూ?”

ఆ ‘గారు’ ఇవాళే పుట్టింది. అది అక్కడున్న ముగ్గురికీ వినబడింది.

“కొల్లాబత్తులండి. పక్కన కుసుమ అని కూడా రాయండి మేడమ్‌గారూ, మా ఇంటావిడ. అల్లింది తనేనండి. మూతి కోసెయ్యమన్నదీ తనే. నేను నీళ్ళలోకి దింపానంతే.”

శ్రీదుర్గ తలెత్తకుండా రాసింది. ఆ మాట చెప్పడానికి ఆయనకు అరనిమిషం పట్టలేదు. ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది, అదీ చేపలు గోల చేశాక.