సగం విన్న వాక్యం

ఆదివారం పొద్దున్నే గురువమ్మ వంజరం ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తోంది. మొగుడు ఎల్లారావు గుమ్మంలో నిలబడి తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఏటే, అవనేదా ఇంకా? ఇయ్యాల కాకినాడ నుంచి దైవజనులొత్తన్నారు. మసాలా కూడా నూరీసి రా. ఆరాధన మజ్జిలో లేసొచ్చీడానికి ఈలుగుంటాది."

ఆ తెల్లచొక్కా కూడా నిన్న ఆమె ఉతికి గంజి పెట్టిందే. అతను పోర్టులో ఇనపరాయిని ఓడలకెత్తే చోట పనిచేస్తాడు. వారం పొడుగునా ఇంటికి తెచ్చే ఎర్రధూళి ఒక ఉతుకుకు వదిలేది కాదు. ఇక ఆమె మిగతా ఆరు రోజులూ ఫిషింగ్ హార్బర్ పక్కన రొయ్యల షెడ్డులో మంచునీళ్ళలో చేతులు పెట్టి తలలు తీస్తుంది. హార్బర్ కట్టిన కొత్తల్లోనే చేరింది. షెడ్డుకు ఆదివారం సెలవు గనక ఆ రోజు ఇంట్లో పని రెట్టింపు ఉంటుంది.

ఎల్లారావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడుగా ఉన్న రోజులు వేరే ఉన్నాయి. అప్పట్లో సాయంత్రం అతను వచ్చే వేళకు ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కావు. ఒకనాడు పోర్టులో గొలుసు తెగి, పైకెత్తుతున్న బరువు అతనికి బెత్తెడు దూరంలో పడింది. మర్నాడు తోటి పనివాడు ప్రార్థనకు రమ్మంటే వెళ్ళాడు. సారా మానేశాడు. చెయ్యి చేసుకోవడం మానేశాడు. దేవుడున్నాడనడానికి గురువమ్మకు వేరే రుజువు అక్కర్లేకపోయింది. నెల తిరక్కుండా అతను సముద్రంలో బాప్తిస్మం తీసుకుంటూ, "మా ఇంటిదానికి కూడా ఇచ్చీండి" అన్నాడు. ఆమెను అడిగినవాళ్ళు లేరు. ముంచి లేపేసరికి ఆమె పేరు సువార్తమ్మ అయి ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఇప్పటికీ రెండో పిలుపుకు గాని పలకదు.

ఇదంతా చూసి అత్తగారు గంగాలమ్మ ఒక్కటే మాట అంది. అప్పటినుంచీ అదే మాట అంటూనే ఉంది. "ఆడికి కోపం తెప్పించకే అమ్మా. మల్లీ సీసా అట్టుకున్నాడంటే ఆ పాపం నీదే." అలా ఆ ఇంట్లో గరిటెతోపాటు మొగుడి రక్షణ కూడా గురువమ్మ చేతికే వచ్చింది. ఉప్పు తక్కువైతే అతని భక్తి ఎక్కడ తక్కువవుతుందోనని ఆమెకు భయం పట్టుకుంది.

మూడేళ్ళకు ఎల్లారావు సంఘపెద్ద అయ్యాడు. ఆరాధన అవగానే పాస్టరుగారికీ, పై ఊళ్ళనుంచి వచ్చే బోధకులకూ భోజనం వాళ్ళ ఇంట్లోనే. అది ఆ ఇంటికి పెద్ద గౌరవమని అందరూ అన్నారు. గౌరవం వేడివేడిగా ఉండాలి గదా, అందుకని ప్రసంగం సగమయ్యేసరికి గురువమ్మ చాపమీంచి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా ఇంటికి వచ్చేసేది. ప్రసంగంలో దానియేలును సింహాల గుహలో దింపిన చోట లేచివచ్చి ఉల్లిపాయలు కోసింది. యోనాను చేప కడుపులో ఉంచేసి వచ్చి చేపల పులుసు పెట్టింది. యేసు చెప్పిన కథలో ఇల్లు వదిలిపోయిన చిన్నకొడుకు పందుల దగ్గరే ఉండిపోయాడు, తిరిగొచ్చాడో లేదో తెలియదు. భోజనాల దగ్గర అడుగుదామంటే, "కూర ఇంకాస్త వెయ్యమ్మా" అన్న మాటకు మించి ఆమెతో ఎవరికీ పని ఉండేది కాదు. ప్రభువు బల్ల అంటే యేసును తలుచుకుంటూ పంచే రొట్టె, ద్రాక్షారసం. అది ఆరాధన చివర్లో ఇస్తారు. అవి తీసుకుని వచ్చినవాళ్ళకు అన్నం వడ్డించడమే గాని, ఆ రొట్టె ఆమె నోటికి ఒక్కసారీ అందలేదు.

ఉండబట్టలేక ఒకనాడు అంట్లు తోమేశాక మొగుడి బైబిలు దించింది. పుట్టిన ఊరు యారాడలో చదువుకున్నప్పుడు మూడో తరగతి దాకా వెళ్ళింది. ఒత్తులూ గుణింతాలూ చాలావరకు మర్చిపోయింది. వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పోగా పోగా, దానియేలు బయటికి వచ్చాడు. ఒక్క గీరు కూడా పడలేదట. ఒంటరిగా కూచుని చప్పట్లు కొట్టినంత పని చేసింది. తర్వాత యోనా కూడా గట్టెక్కాడు. చిన్నకొడుకు ఇంటిదారి పట్టాడు, అతను ఇంకా దూరాన ఉండగానే ముసలి తండ్రి పరిగెత్తుకుంటూ ఎదురెళ్ళాడని చదివిన చోట గురువమ్మకు ఏడుపు ఆగలేదు. ఆమెకు తెలిసిన మగవాళ్ళెవరూ ఇంట్లోవాళ్ళ కోసం అలా పరిగెత్తలేదు. ఆ రోజుతో దేవుడు మొగుడి దేవుడుగా ఉండడం మానేసి ఆమె దేవుడయ్యాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పమని అడిగినవాళ్ళూ లేరు.

ఇక ఆ కాకినాడ దైవజనుడు వచ్చిన ఆదివారం సంగతి. ఆయన గొంతు పెద్దది.

"స్వచిత్తం! మనిషిని దేవుని దగ్గరికి రానివ్వనిది అదొక్కటే, ప్రియులారా. నాకిది కావాలి, నేనిలాగే ఉంటాను అనే ఆ స్వచిత్తాన్ని ఈ రోజున తెచ్చి ఆయన పాదాల దగ్గర పెట్టండి. పెట్టగలరా?"

గురువమ్మ నిజంగానే సిద్ధపడింది. ఈ దేవుడికి ఏమైనా ఇవ్వొచ్చు అనుకుంది. అయితే అప్పటికే వేళయింది. లేచి వచ్చేసింది.

పొయ్యి ముందు కూచుని, ఇద్దామంటే అదెక్కడుందని వెతుక్కుంది. పులుసులో మామిడికాయా చింతపండా అన్నది మావ అని తను పిలిచే మొగుడి ఇష్టం. కట్టుకునే చీర అత్త ఇష్టం. పిల్లల పేర్లు ఆడపడుచు పెట్టింది. షెడ్డులో చేరమన్నది మావ, ఏ బల్ల దగ్గర నిలబడాలో చెప్పేది సూపర్‌వైజరు. అవసరానికి బయటికి పోవాలన్నా అతని మొహం చూసి అడగాలి, అతను నలుగురూ వినేలా "అప్పుడే వచ్చేసిందా?" అని నవ్వుతాడు. పెళ్ళి మాట సరేసరి. దేవుడు కూడా మొదట ఎవరో ఇస్తే తీసుకున్నదే. నాకిది ఇష్టం అన్న మాట అమ్మ నోట వినలేదు, అత్త నోట వినలేదు, తన నోటా రాలేదు. సంఘంలో మగవాళ్ళంతా పెద్దపెద్ద మూటలు తెచ్చి దేవుడి ముందు దించుతూ ఉంటే, తానొక్కతే వట్టి చేతులతో వరసలో నిలబడినట్టు అనిపించింది. నాకు స్వచిత్తం లేదు గనక నేను పరిశుద్ధురాలినా, లేక ఇచ్చేందుకు ఏమీ లేని దరిద్రురాలినా అని ఆలోచిస్తూ గరిటె తిప్పింది. ఆ రోజు పులుసు బ్రహ్మాండంగా ఉందని దైవజనుడు రెండుసార్లు వేయించుకున్నాడు.

షెడ్డులో ఆమెతోపాటు వరహాలమ్మ అనే పెద్దావిడ పనిచేస్తుంది. అందరికీ వరహాలప్ప. ఆమెకు చదువు రాదు, సంఘానికి మాత్రం తప్పక వస్తుంది. మధ్యాహ్నం కేరేజీలు తిన్నాక, ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూచుని గురువమ్మచేత సువార్త చదివించుకునేది. ఆ సోమవారం తోటలో ప్రార్థన వచ్చింది. రేపు చంపేస్తారని తెలిసి యేసు మోకాళ్ళూని, ఈ శ్రమల గిన్నె నాకొద్దు, తప్పించు తండ్రీ అని చెమటలు కారుతూ అడగడం, ఆ తర్వాత, అయినా నా ఇష్టం కాదు నీ ఇష్టమే కానీ అనడం.

"మల్లీ సదువు," అంది వరహాలప్ప.

మళ్ళీ చదివింది.

"అయితే ముందు నాకొద్దని సెప్పీసినాడన్నమాట. తన మనసులోది తండ్రి సెవినేసినాకే, నీ ఇష్టం అన్నాడు."

"అవునప్పా. అలాగే ఉంది."

"మరి నువ్వేటి సెప్పుకున్నావే దేవుడికి? నీకేటి కావాలి?"

"పిల్లలు సల్లగుండాల. మావ మల్లీ తాగకండా..."

"అది పిల్లలికీ, ఆడికీ. నీకేటి కావాలంటన్నాను, ఓలే."

గురువమ్మ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు. సైరను మోగితే లేచి లోపలికి పోయారు గాని, ఆ ప్రశ్న ఆమె వెంటే వచ్చింది. రొయ్యల తలలు తీస్తుంటే పక్కన నిలబడింది, బిందె ఎత్తుకుంటే నడుము దగ్గర తగిలింది. గురువారం నాడు, చేతులు మంచులో మొద్దుబారి ఉన్నప్పుడు, జవాబు దానంతటదే వచ్చింది. ఆరాధనలో చివరిదాకా కూచోవాలి. అందరితోపాటు ఆ రొట్టె తినాలి. ఇంతేనా అని నవ్వకండి. అంతకాలం ఏమీ కోరుకోని మనిషికి మొదటి కోరిక పుట్టింది. దాన్ని ఎవరికీ తెలియకుండా దాచుకుని, ఆ సాయంత్రమంతా ఆమె పాట పాడుకుంటూ పనిచేసింది.

రాత్రి అన్నాల దగ్గర చెప్పింది.

"మావా, ఈ ఆదివారం నాను ఆరాధనలో ఆకర్దాకా కూకుంటాను. బల్ల తీసుకుంటాను."

"మరి వొంట?"

"వొచ్చినాక వొండుకుందారి. కొంచెం ఆలీసం అవుతాది, అంతే."

ఎల్లారావు అరవలేదు. నవ్వాడు. "దైవజనులు ఆకలితో కూకుంటే నువ్వు వాక్యం ఇంటావా? ఇదేనే స్వసిత్తం అంటే. మొన్న అంత బాగా సెప్పినారు. నువ్వు మజ్జిలో ఎల్లిపోనావు గాని. సంపుకోవాలే దాన్ని, సంపుకోవాల."

అత్తగారు కంచంలోంచి తల ఎత్తకుండా, "ఆడికి కోపం తెప్పించకే" అంది.

గురువమ్మ ఆ మాటను తోసిపారెయ్యలేదు. అక్కడే ఆమె మీద నాకు గౌరవం. మొగుడు అన్నాడు గనక తప్పనీ అనుకోలేదు, ఒప్పనీ అనుకోలేదు. నిజంగానే ఇది స్వచిత్తమేమోనని పుస్తకం తీసి ఆ తోట దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఆయన తన ఇష్టాన్ని అప్పగించింది తండ్రికి. శిష్యుడు పేతురుకు కాదు. పేతురు ఆ వేళకు నిద్రపోతున్నాడు. అది చదివి ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఇవ్వాల్సింది దేవుడికే అయితే, మొగుడికి ఇచ్చి దేవుడికి ఇచ్చేశానని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చిందన్నమాట.

భయం ఒక పట్టాన పోలేదు. నేను కూచుంటే అతని పరువు పోతుంది, పరువు పోతే కోపం, కోపం వస్తే సీసా. శనివారం అతని చొక్కా ఇస్త్రీ చేస్తూ తనను తానే అడిగింది. మావను తాగకుండా నిలబెడుతున్నది దేవుడా, నా చేపల పులుసా? పులుసే అయితే, అతను మారలేదు, కడుపు నిండి ఊరుకున్నాడు. దేవుడే అయితే, ఒక్క పూట అన్నం ఆలస్యమైనంత మాత్రాన ఆయన చెయ్యి వదిలెయ్యడు. అప్పుడు తెలిసింది ఆమెకు, తనకూ ఒక స్వచిత్తం ఉందని. ఈ ఇల్లు, ఈ మొగుడు, ఇతని భక్తి, అన్నీ తానే భుజాన మోస్తున్నానని లోలోపల ఒక గర్వం. అది ఇంతకాలమూ భయం వేషంలో తిరిగింది. దాన్ని దించుకోవడం కోరిక చెప్పడం కన్నా కష్టమైంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చాలాసేపు అక్కడే మోకాళ్ళ మీద ఉండిపోయింది.

ఆదివారం చేప తెచ్చి కడిగి పెట్టింది గాని పొయ్యి వెలిగించలేదు. తల దువ్వుకుని, పిల్లలను తీసుకుని వెళ్ళి చాప మీద మొదటి వరసలో కూచుంది. ప్రసంగం సగమయింది. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగారు. ఆమె లేవడం ఆయనకు గడియారం లాంటిది. మగవాళ్ళ వైపు నుంచి ఎల్లారావు తల తిప్పి చూశాడు. కనుబొమలతో సైగ చేశాడు. అది పనిచెయ్యకపోతే దగ్గాడు. గురువమ్మ లేవలేదు. ప్రసంగం అనేదానికి చివర ఒకటుంటుందనీ, అక్కడ గొంతు తగ్గించి నెమ్మదిగా మాట్లాడతారనీ ఆమె ఆ రోజే చూసింది.

"బల్లకు ముందు సహోదరీల్లో ఒకరు ప్రార్థన చెయ్యండి," అన్నారు పాస్టరుగారు. ఎప్పుడూ ఆయన భార్యే చేస్తుంది. ఆమె గొంతు సవరించుకునేలోగా గురువమ్మ కొంగు తలమీదికి లాక్కుని మోకరించింది.

"తండ్రీ, ఇయ్యాల మా ఇంట పొయ్యి ఎలిగించనేదు."

మూసుకున్న కళ్ళన్నీ తెరుచుకున్నాయి.

"వొచ్చినోల్లకి ఆకలేత్తాది, నాకు తెలుసు. ఇది అవగానే ఎల్లి వొండుతాను, ఎవలైనా ఒక సెయ్యేత్తే బేగి అవుతాది. నాకు ఈడ ఆకర్దాకా కూకోవాలనుంది. నీ రొట్టి తినాలనుంది. ఇది నా ఇష్టం తండ్రీ. ఇన్నాల్లూ నీకిద్దారంటే నా కాడ ఇష్టవన్నదే నేకపోయింది. ఇప్పుడు దొరికింది. తెచ్చి నీ సేతిలో పెడతన్నాను. నువ్వొద్దంటే ఒగ్గేత్తాను. మా మావని నా పులుసుతో కాపలా కాయడం ఇయ్యాల్టితో మానేత్తన్నాను. ఆడు నీ కొడుకు, నువ్వే సూసుకో."

మగవాళ్ళ వైపు చాప కదిలిన చప్పుడైంది. గురువమ్మ ఇంకాస్త గట్టిగానే అంది.

"నన్ను వొంటకి ఎల్లమంటావో, ఈడ కూకోమంటావో, ఆ మాట నాకే సెప్పు తండ్రీ. ఎవలిసేతా సెప్పించకు. నాకు సదవడం వొచ్చు. ఆమేన్."