తెల్ల బటన్

వీడియో ఆటల కంపెనీకి యాభై ఏళ్ళు నిండాయి. టీవీ అంటే కూర్చుని చూసేదే అనుకుంటున్న జనానికి, తెర మీది చుక్కను తమ చేత్తో కదిలించవచ్చని మొదట చూపించింది ఆ కంపెనీయే. అందులో అబద్ధం లేదు. కానీ యంత్రం బయటికి వెళ్ళేముందు ఆ చుక్క సరిగ్గా కదులుతోందో లేదో నిలబడి చూసిన చేతులు ఎవరివో ఎవరూ చెప్పరు. రేపు తెరిచే ఎగ్జిబిషన్‌లో కూడా చెప్పబోవడం లేదు.

చెడిపోయిన యంత్రం బాగుచెయ్యడానికి వచ్చిన ఆమె సంచీ మొత్తం గేటు దగ్గర వాచ్‌మన్ కెలికాడు. సోల్డరింగ్ ఐరన్, మీటరు, కొత్త బ్యాటరీ, వైరు ముక్కలు, నల్లదారానికి కట్టిన చిన్న తాళంచెవి.

"ఫోన్ ఇక్కడ పెట్టెయ్యాలమ్మా. లోపల కొత్త ఆటలు కూడా ఉన్నాయంట. ఎవరైనా ఫొటో తీస్తే నా ఉద్యోగం పోతుంది."

"నాది బటన్ల ఫోను నాయనా. దాంతో తీస్తే నా మొహం నేనే గుర్తుపట్టలేను."

"అయినా పెట్టాలి. రూలు."

పెట్టేసింది. వాచ్‌మన్ ఆమె వెంటే లోపలికి నడిచాడు. అదీ రూలేనట.

ఆమెకి అరవై దాటాయి. పాత బజారులో మూడడుగుల కొట్టు పెట్టుకుని, ఎవరూ ముట్టుకోని పాత బోర్డులు బాగుచేస్తుంది. హాల్లో పాత ఆటల యంత్రాలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. గోడబంతి, చంద్రుడి దొంగలు, పాము మెట్లు. అన్నిటికీ కొత్త రంగులు, నెత్తిన లైట్లు. చివర్న, ఒక్కటే, తెర చచ్చిపోయి ఉన్న యంత్రం. దాని పేరు సొరంగం. దీపం పట్టుకున్న బొమ్మ మనిషి కిందికి దిగుతుంటాడు, పైనుంచి రాళ్ళు పడుతుంటాయి. అంతే ఆట. ఆ రోజుల్లో ప్రపంచమంతా దాని ముందు నిలబడింది.

పక్కన ప్లాస్టిక్ బోర్డు మీద పెద్ద అక్షరాలు: 'ఈ ఆటను వదల్లేక, ఆడుతూ ఆడుతూనే ప్రాణం వదిలిన మా తొలి వీరాభిమాని చివరిగా ఆడిన యంత్రం ఇదే.'

"చదివారా మేడం? ఒళ్ళు జలదరించడం లేదూ?" అన్నాడు ఎగ్జిబిషన్ చూసుకునే ఆఫీసరు. కుర్రవాడే, మర్యాదస్థుడు.

"జలదరిస్తోంది బాబూ."

"జనం దీని కోసమే వస్తారు. మొన్నటిదాకా మా కంపెనీ పెద్దాయన ఇంటి హాల్లో తాళం వేసి, కరెంటు మీదే ఉంచారు. ఇక్కడికి తెచ్చాక తెర పోయింది. ఒక్కటి గుర్తుంచుకోండి, యంత్రం మెమరీలో ఉన్న ఆవిడ పేరు మాత్రం చెరగకూడదు. అసలు విషయమే అది."

"నేను వచ్చింది కూడా దానికోసమే."

ఆఫీసరు ఫోను మోగింది. పక్క హాల్లోకి వెళ్ళాడు.

ఆ వీరాభిమాని ఆమె సొంత అక్క. ఫ్యాక్టరీలో అందరూ సూది అనేవారు, సన్నగా ఉండేది, మాట గుచ్చుకునేది. అక్కది వేడి గదిలో పని. కిటికీల్లేని గదిలో నలభై యంత్రాలు వెలిగించి తలుపులు మూసేసేవారు. వేడికి లోపాలు బయటపడతాయని. మనుషుల్లోని లోపాలు కూడా బయటపడేవి. వాటికి రిపేరు లేదు. పరీక్ష చేసేవాళ్ళు కంపెనీ ఇచ్చిన తాళంచెవి తిప్పి, ఒక్కో యంత్రం ముందు నిలబడి, చివరిదాకా ఆడి, స్కోర్ల పట్టికలో తమ పేరుకి మూడు ఇంగ్లీషు అక్షరాలు ఎక్కించాలి. తాళంచెవి ఉండగా ఎక్కించిన పేరు పక్కన చిన్న నక్షత్రం పడుతుంది. నక్షత్రం అంటే పని. నక్షత్రం లేకపోతే ఆట. తాళంచెవి లేని మామూలు తెర మీద ఆ నక్షత్రం కనపడదు.

తర్వాత యంత్రం చెల్లెలి బల్ల దగ్గరికి వచ్చేది. ఆమె తాళంచెవి తిప్పి, నక్షత్రం చూసి, వెనక తలుపులో ఉన్న తెల్ల బటన్ నొక్కేది. పేర్లు చెరిగిపోయేవి. కొనేవాడికి ఖాళీ పట్టిక కావాలి కదా, వేరేవాళ్ళ చెమట ఎందుకు. మేస్త్రీ గుమ్మంలోంచి "అయ్యిందా?" అని అరిచేవాడు. "అయ్యింది" అనేది చెల్లెలు. ఆ మాటతోపాటే బొటనవేలు నొక్కేది. రోజుకి నలభై సార్లు.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజు అక్క రెండు డ్యూటీలు ఒంటికాలి మీద చేసింది. ఆఖరి యంత్రంలో పేరు ఎక్కించి, దాని ముందే పడిపోయింది. పని పూర్తిచేసి మరీ పడింది. కంపెనీ ఏం చెప్పింది? డ్యూటీ అయిదింటికే అయిపోయిందట, తాళంచెవి అప్పగించేసిందట, ఆట పిచ్చితో తనే ఉండిపోయిందట. విచారణకు వచ్చిన పెద్దమనుషులు కాఫీ తాగి, అలాగే రాసుకుని పోయారు. ఆ తాళంచెవి మటుకు అక్క మెడలోనే ఉండి, శవంతోపాటు ఇంటికొచ్చింది. చెల్లెలు చూపిస్తే, దొంగతనం కూడా చేసిందన్నమాట, అన్నారు.

ఆ యంత్రం తన బల్ల దగ్గరికి ఎప్పుడూ రాలేదు. కాబట్టి దాని నక్షత్రం ఇంకా లోపలే ఉంది. అది తెర మీద ఒక్కసారి ఈ కుర్ర ఆఫీసరు కంట పడితే చాలు, రేపు వచ్చే విలేకర్ల కంట పడితే చాలు. అక్క ఆడుతూ చావలేదు, పని చేస్తూ చచ్చిందని తేలుతుంది. ఆమెకు కావలసింది అంతే.

వెనక తలుపు తీసింది. పేర్లను పట్టి ఉంచే బ్యాటరీకి మీటరు పెట్టి చూసింది. కొన ఊపిరితో ఉంది. దాన్ని పీకి కొత్తది పెడితే ఆ రెప్పపాటులోనే జ్ఞాపకమంతా పోతుంది. బడిలో నేర్చుకున్న ఇంజనీర్లు చేసే పని అదే. ఆమె కొత్తదాన్ని పక్కనే కలిపి అతికి, అది పట్టుకున్నాక పాతదాని కాళ్ళు కోసింది.

"నీకెంత జాగ్రత్తమ్మా. పసిపిల్లని ఒళ్ళోంచి ఒళ్ళోకి మార్చినట్టు మార్చావు," అన్నాడు వాచ్‌మన్.

"పసిపిల్ల కాదు. మా అక్క."

వాచ్‌మన్‌కి అర్థం కాలేదు.

తెర తీగ అతికించి స్విచ్ వేసింది. గర్రుమని శబ్దం, ఆ తర్వాత వెలుగు. దీపం మనిషి దిగడం మొదలుపెట్టాడు. ముందుకు వచ్చి, నల్లదారం తాళంచెవి రంధ్రంలో పెట్టి తిప్పింది. పట్టిక వచ్చింది. పది వరసల్లో ఒక్కటే నిండి ఉంది. అక్క మూడక్షరాలు. వాటి పక్కన నక్షత్రం.

ఆమె తెర మీది నక్షత్రాన్ని చూపుడువేలితో ముట్టుకుంది.

"ఇటు రా నాయనా. ఏం కనిపిస్తోంది చెప్పు."

"అద్దాలు తెచ్చుకోలేదమ్మా. ఏదో తెల్లగా ఉంది."

"సరే, పోయి ఆఫీసరుని పిలుచుకురా. తన కళ్ళతో తను చూడాలి."

వాచ్‌మన్ వెళ్ళాడు. ఈలోగా ఎవరి కాలికీ తగలకుండా వైర్లు లోపలికి సర్దుదామని ఆమె యంత్రం వెనక్కి వచ్చింది. వైర్లు మడిచింది. తలుపు మీద ఎడమ చెయ్యి వేసింది. గుమ్మంలోంచి ఆఫీసరు గొంతు వినిపించింది.

"అయ్యిందా?"

"అయ్యింది," అంది.

టక్కుమంది. ఆ చప్పుడు విన్నాకనే తన బొటనవేలు ఎక్కడుందో ఆమె చూసుకుంది.

అక్క పోయాక కూడా ఏడేళ్ళు అదే బల్ల దగ్గర నిలబడింది. అమ్మ మంచం పట్టింది, వేరే పని దొరకలేదు. ఆ వేలికి కంపెనీ నేర్పింది మర్చిపోవడం ఎవరూ నేర్పలేదు.

ముందుకు పరిగెత్తింది. పది వరసలూ ఖాళీ.

"అరె," అన్నాడు ఆఫీసరు. "పేరు పోయింది."

"ఇక్కడ నక్షత్రం ఉంది బాబూ. ఇప్పుడే ఉంది. మా అక్క అది. ఆడలేదు, పని చేసింది. నక్షత్రం అంటే పని. ఇతను చూశాడు, అడుగు."

వాచ్‌మన్ నేల చూశాడు. "ఏదో తెల్లగా కనిపించింది సార్. చదవలేదు."

ఆఫీసరు ఆమెని జాలిగా చూశాడు. మంచినీళ్ళు తెప్పించాడు. తర్వాత తెర వంక చూసి కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

"కంగారు పడకండి మేడం. మూడక్షరాలే కదా. మా కుర్రాళ్ళలో ఎవరో ఒకరు ఒక ఆట ఆడి మళ్ళీ ఎక్కించేస్తారు. ఎవరికీ తేడా తెలీదు."

నిజమే, తేడా తెలీదు. నక్షత్రం లేకుండా ఎక్కుతుంది. ఆట ఆడిన పేరు లాగే ఎక్కుతుంది.

ఆమె మంచినీళ్ళు తాగలేదు. సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడిగానే ఉంది. తీసుకుని ప్లాస్టిక్ బోర్డు దగ్గరికి వెళ్ళింది. 'ఆడుతూ ఆడుతూనే' అన్న చోట మొన పెట్టి నొక్కింది. ప్లాస్టిక్ కరిగి, నల్లగా కారి, కంపు కొట్టింది. బటన్ నొక్కిన చెయ్యే. ఈసారి తెలిసి నొక్కింది. 'వీరాభిమాని' దాకా వచ్చేసరికి వాచ్‌మన్ వెనకనుంచి రెండు రెక్కలూ పట్టుకున్నాడు.

"వదిలెయ్యమ్మా. నా ఉద్యోగం పోతుంది," అన్నాడు చెవిలో, మెల్లగా.

వదిలేసింది.

గేటు దగ్గర ఫోను ఇచ్చారు, సంచీ ఇచ్చారు. తాళంచెవి ఇవ్వలేదు. అది యంత్రంలోంచి తీసి తమ దగ్గరే ఉంచుకున్నారు, కంపెనీ వస్తువేనట.

మర్నాడు పొద్దున ఎగ్జిబిషన్ తెరిచారు. బోర్డు కొత్తది పెట్టారు. అవే మాటలు. యంత్రం చుట్టూ మాత్రం తాడు కట్టారు.