కొట్టివేతలు లేని కాగితం

దివి విశ్వవిద్యాలయంలో ఏ విభాగం ఖర్చు ఆ విభాగమే సంపాదించుకోవాలని ఆర్డరు వచ్చింది. జంతుశాస్త్ర విభాగంలో ముందు పోయేది బ్లెస్సీ ఉద్యోగమే. ఆమె కాంట్రాక్టు లెక్చరరు. అందుకని రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబు మొదలుపెట్టింది.

ఎవరూ రాలేదు. గుడివాడలో రొయ్యల మందుల షాపుల్లో ఆ పరీక్ష ఉచితంగా చేసి, మందులు అంటగడతారు.

ఆ షాపుల యజమాని ధనరాజు ఒకరోజు బందరు లడ్డూలు పట్టుకుని వచ్చాడు.

"నీళ్ల సీసాలన్నీ మీకే పంపుతా మేడంగారూ. రిపోర్టు కింద మా మందుల పేర్లు వేయండి, చాలు."

"అవసరం లేని చెరువుకి కూడానా?"

"అవసరం లేని చెరువు దివిసీమలో ఎక్కడుందండీ?"

విభాగాధిపతి రఘునందన్ నవ్వాడు. "మనమేం బలవంతంగా కొనిపిస్తున్నామా బ్లెస్సీ? డిపార్ట్‌మెంటు బతకాలిగా."

రిపోర్టు కాగితాల మీద మందుల పేర్లు ముందే అచ్చువేయించారు. బ్లెస్సీ సంతకాలు చేసింది. గిరాకీ పెరిగింది, ఉద్యోగం నిలిచింది.

నాగాయలంక నుంచి ప్రకాశరావు సీసా తెచ్చాడు. ఆమె తల్లి ఊరివాడు, కౌలుకు చెరువులు చేస్తున్నాడు. నీళ్లలో అమ్మోనియా బాగా ఎక్కువగా ఉంది. వెంటనే రొయ్యలు పట్టి అమ్ముకుంటే కొంతైనా దక్కేది. ధనరాజు అక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. బ్లెస్సీ ఏమీ అనకుండా రిపోర్టు ఇచ్చింది.

వారం తిరక్కుండా రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి.

ప్రకాశరావు మళ్లీ వస్తే తిట్టడానికే అనుకుంది. అతను ఇంకో సీసా బల్లమీద పెట్టాడు.

"ఇది రెండో చెరువుదమ్మా. ఇదొక్కటే మిగిలింది. మొన్న మందు నేనే సరిగ్గా చల్లి ఉండను."

పరీక్ష చేసింది. అదే అమ్మోనియా.

"తప్పు మీది కాదు బాబాయ్. ఆ మందు పనిచేయదు. మొన్నే చెప్పాల్సింది. ఇవాళే వల వేయించండి."

"ఇంకా ఎదగలేదు కదమ్మా."

"చచ్చిపోతాయి బాబాయ్!"

"మనవాడినని భయపడి అంటున్నావు. మొన్నటిది యూనివర్సిటీ కాగితం. ఇది నీ నోటిమాట."

బ్లెస్సీ రిపోర్టు తీసి మందుల పేర్లన్నీ కొట్టేసి, వెంటనే రొయ్యలు పట్టేయాలని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

ప్రకాశరావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్ని కొట్టివేతలుంటే ఏం చెల్లుతుందమ్మా? పాడుచేశావే. ఉండు, సారుని అడిగి మంచిది తెచ్చుకుంటా."

"బాబాయ్, ఆగండి" అని ఆమె లేచేసరికే అతను రఘునందన్ గదిలోకి వెళ్లిపోయాడు.

బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో శుభ్రమైన కాగితం ఉంది.

"సారు నీమీద కోపంగా ఉన్నారమ్మా. ఒకసారి వెళ్లి కనపడు" అని మెల్లగా చెప్పి, మందులు తేవడానికి గుడివాడ బస్సు కోసం గబగబా వెళ్లిపోయాడు.