పడుకోనంటే పడుకోను

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎవరైనా "నీరసంగా ఉంది" అంటే చాలు, "ఒక సెలైన్ పెట్టించుకోరాదూ" అని ఉచిత సలహా పారేసే మనుషుల్లో నేనూ ఒకదాన్ని. వెంకటదుర్గ సంగతి తెలిశాక నోరు కట్టేసుకున్నాను.

మొగల్తూరులో ఆడవాళ్ళ కోలాటం జట్టుకి దుర్గే లీడరు. ఆమె కర్ర తగిలితే ఎదుటామె మోచెయ్యి దాకా జిల్లుమనాల్సిందే. అలాంటి మనిషికి వైరల్ జ్వరం వచ్చింది. ఊళ్ళో సగం మందికి వచ్చినట్టే వచ్చి పోయింది. పోతూ పోతూ ఆయాసాన్ని మాత్రం ఆమె దగ్గరే వదిలేసింది. వంటింట్లోంచి అరుగు మీదకి వస్తే చాలు, అలుపు. పక్కమీద వాలితే ఎవరో గుండెలమీదెక్కి కూర్చున్నట్టుండేది. అవతల అన్నవరం కళ్యాణోత్సవాల్లో జట్టు ఆడాల్సిన రోజు దగ్గర పడుతోంది.

ఆడపడుచు చిట్టెమ్మ ఊరుకుంటుందా? ఊళ్ళో వైద్యం చేసే ఆర్‌ఎంపీ చంద్రరావుని వెంటపెట్టుకొచ్చింది. గోడ మేకుకి సెలైన్ సీసా వేలాడింది.

"పడుకో వదినా. ఇది ఎక్కితే లేచి గెంతుతావు."

"పడుకోను."

"సూదంటే భయమా? కోలాటం లీడరువి, సిగ్గులేదూ?"

"భయం కాదే తల్లీ. పడుకుంటే ఊపిరాడట్లేదు. రాత్రంతా గోడకి చేరబడే ఉన్నా. మీ అన్నయ్యనడుగు."

భర్త హరిబాబు నీళ్ళు నమిలాడు. "గురక లేదని సంతోషించానండి చంద్రరావుగారూ. నిద్రే లేదనుకోలేదు."

"పోనీ, కూర్చోబెట్టే ఎక్కించేయండి," అంది చిట్టెమ్మ.

"వద్దన్నానా! నా ఒళ్ళు నాకు తెలీదా? ఇది నీరసం కాదు, ఇంకేదో."

చంద్రరావు వంగి ఆమె పాదం మీద వేలితో నొక్కాడు. గుంట పడింది. ఎంతకీ పూడలేదు. సీసా దింపేశాడు.

"మీరన్నదే కరెక్టమ్మా. కాళ్ళకి నీరు పట్టింది. కారు పిలవండి. భీమవరం పోదాం."

అక్కడ గుండెకి ఎకో స్కాన్ తీశారు. తెర మీద తన గుండె కొట్టుకోవడం చూసి దుర్గ మొహం చిట్లించింది. "ఇదేంటండీ, ఇంత నీరసంగా ఆడుతోంది? మా జట్టులో అయితే వెనక వరసలోకి నెట్టేద్దును."

డాక్టరమ్మ నవ్వింది. "వైరస్ వల్ల గుండె కండరం వాచిందండి. రక్తాన్ని గట్టిగా తోయలేకపోతోంది. అందుకే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దానిమీద సెలైన్ కూడా ఎక్కించి ఉంటే..."

చిట్టెమ్మ వదిన చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

మందులకి నీరు దిగింది, ఊపిరి తేలికైంది. కర్ర మాత్రం, గుండె పూర్తిగా కోలుకుందని తేలేదాకా ముట్టకూడదన్నారు. ఆ ఏడాది జట్టు దుర్గ లేకుండానే అన్నవరం కొండెక్కింది. ఆమె అరుగు మీద కుర్చీలో కూర్చుని, నోటితోనే తాళం వేస్తూ వాకిట్లో సాధన చేసే జట్టునంతా దులిపేసేది. చెయ్యి కాస్త పైకి లేచిందా, "వదినా!" అని లోపల్నుంచి చిట్టెమ్మ కేక.

మళ్ళీ ఉత్సవాలొచ్చేలోగా ఇంకోసారి ఎకో తీసిన డాక్టరమ్మ తెరని దుర్గ వైపు తిప్పింది. "ఇప్పుడు చూడండి. ముందు వరసకి పనికొస్తుందా?"

దుర్గ కళ్ళు తుడుచుకుని మరీ చూసింది. "పనికొస్తుందండి!"

అన్నవరం కొండ మీద డోలు మోగగానే కర్ర ఎత్తింది. ఎదురుగా, జట్టులో కొత్తగా చేరిన చిట్టెమ్మ.

"మెల్లగా వదినా!"

"మెల్లగానా? అందుకో చూద్దాం!"

కర్ర మీద కర్ర పడింది. చిట్టెమ్మ మోచెయ్యి దాకా జిల్లుమంది.

మీ ఇంట్లోనూ ఇలా "ఇది నీరసం కాదు" అని మొండికేసి గెలిచినవాళ్ళున్నారా? ఉంటే వాళ్ళ కథ చెప్పండి, వింటాను.