కారు లేనివాళ్ళ గేటు

ఊరికి పన్నెండు కిలోమీటర్ల అవతల కట్టిన ఆ స్టేడియంలో నాలుగు వేల కార్లు నిలిపే చోటుంది. మనుషులు నడిచే చోటు లేదు. కట్టినవాళ్ళు మరిచిపోయారని కొందరంటారు. దర్జీ పెద్దమ్మ మాత్రం ఆ మాట ఒప్పుకోదు. మరిచిపోయినవాళ్ళు ఇంత పకడ్బందీగా కంచె వేయరని ఆమె లెక్క.

ఆ మధ్యాహ్నం ఆమె చంకలో న్యూస్‌పేపరు పొట్లం ఉంది. అందులో చెల్లెలి కూతురి వాలీబాల్ చొక్కా, వీపున తొమ్మిది అంకెతో. నాలుగున్నరకల్లా అది పిల్ల ఒంటి మీద లేకపోతే ఆడేవాళ్ళ జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. పిల్లకిది మొదటి పెద్ద ఆట.

తప్పు పెద్దమ్మదే. జట్టువాళ్ళిచ్చిన చొక్కా భుజం కుట్టు చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. కుట్టడం అయిన ప్రతి బట్టనూ పేపర్లో చుట్టి బల్ల మీద పెట్టడం ఆ ఇంటి పద్ధతి. ఏ పొట్లంలో ఏముందో చేత్తో తడిమి చెప్పేది చెల్లెలొక్కతే. ఆమె పోయి ఐదు నెలలైంది. పొట్లాల మీద పేర్లు రాయడం ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు.

రెండు గంటలకు స్టేడియం నుంచి పిల్ల ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, నా పొట్లంలో లాయరమ్మ నల్లకోటుంది. ఇది వేసుకుని నెట్ దగ్గర ఏం వాదించమంటావు?"

"అక్కడే ఉండు. తెస్తున్నా."

"ఇప్పుడు మా ఫోన్లు కోచ్ తీసేసుకుంటుంది. ఏడో గేటు, గుర్తుంచుకో. నాన్నని కూడా తీసుకురా, నువ్వు దారి తప్పుతావు."

"మీ నాన్న వస్తే ఇద్దరం కలిసి తప్పుతాం."

స్కూటరు నడిపేది చెల్లెలే. ఇప్పుడది మెట్ల కింద గాలి పోయి ఉంది. ఆట ఉన్న రోజు అద్దె బండ్లను ఆ రోడ్డెక్కనివ్వరు. ఇక మిగిలింది బస్సు. పిల్ల తండ్రి, అంటే ఆమె మరిది, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, ఏ బోర్డునూ ఒక్కసారి చదివి నమ్మడు. బస్సు బోర్డు మీద 'స్టేడియం' అని మూడుసార్లు చదువుకుని ఎక్కాడు.

"స్టేడియం దగ్గర ఆగుతుందా?" అని కండక్టరునడిగాడు.

"పక్క నుంచే పోతుందండీ. కిటికీలోంచి బ్రహ్మాండంగా కనబడుతుంది."

"ఆగదా?"

"ఆగాలంటే స్టాపుండాలి కదా. దాటాక కిలోమీటరున్నర దూరంలో దింపుతా, వెనక్కి నడవండి. అందరూ అంతే."

"ఆ అందరూ ఏరయ్యా?" అంది పెద్దమ్మ.

దిగింది వాళ్ళిద్దరే. రోడ్డుకూ మురుగుకాలవకూ మధ్య జానెడు మట్టి ఉంది. దాని మీద ఒకరి వెనక ఒకరు నడిచారు. పోయే ప్రతి కారూ హారన్ కొట్టింది, రోడ్డు మీద మనిషి కనబడడం ఏదో నేరమైనట్టు. స్టేడియం చుట్టూ గడ్డి మాత్రం పచ్చగా, నీటుగా ఉంది. దానికి నీళ్ళు పెట్టడానికి గొట్టం వేసిన మహానుభావులకు, మనిషికి నాలుగు రాళ్ళు పరవడానికి చేతులు రాలేదు.

ఏడో గేటు చేరేసరికి నాలుగూ పది. అడ్డకర్ర పక్కన కాపలావాడు చెయ్యి చాపాడు.

"పార్కింగ్ చీటీ?"

"కారు లేదు బాబూ."

"దొంగలెత్తుకుపోయారా?"

"ఉంటేగా ఎత్తుకుపోవడానికి. నడిచొచ్చాం."

"నడిచి రావడానికిక్కడ ఏర్పాటు లేదండీ."

"వచ్చేశాం కదయ్యా, ఇంక ఏర్పాటెందుకు? పోనీ, ఈ పొట్లం లోపల తొమ్మిదో నెంబరు పిల్లకి ఇప్పించు."

"పొట్లాలు ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది."

మరిది ఈలోగా గేటు మీది బోర్డు చదువుతున్నాడు. రెండోసారీ చదివి, మెల్లగా అన్నాడు.

"వదినా, 'పాదచారులు వాహనములలో మాత్రమే ప్రవేశించవలెను' అని రాశారు. దీన్ని అచ్చుకు ముందు ఎవరూ చూడలేదు."

"చూసే ఉంటారు. చూసి భేష్ అని ఉంటారు."

పెద్దమ్మ వెనుదిరిగి కార్ల వరస దగ్గరికి పోయి, మొదటి కారు అద్దం మీద వేలితో కొట్టింది. లోపల ఒక్కడే మనిషి, నాలుగు ఖాళీ సీట్లతో.

"మా ఇద్దర్నీ ఆ కర్ర దాటించి దింపెయ్యండి."

"ఏ కర్ర? ఆ ఎదురుగా ఉన్నదేనా?"

"అదే."

ఆయన కర్రను, ఆమెను, మట్టి కొట్టుకున్న ఆమె కాళ్ళను చూసి తలుపు తీశాడు. కారు ముప్పై అడుగులు కదిలింది. ఇందాకటి కాపలావాడే చీటీ చూసి, సలాం కొట్టి కర్ర ఎత్తాడు. ఇద్దరి మొహాల వంకా చూడనైనా లేదు. కారులో కూర్చున్నాక వాళ్ళు మర్యాదస్తులు.

బట్టలు మార్చుకునే గది ముందు పిల్ల నల్లకోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జాబితా పట్టుకున్నావిడ కలం తెరిచే ఉంచింది. చొక్కా ఒంటి మీదికి రాగానే ఆ కలం మూసేసింది.

"ఎలా వచ్చారు నాన్నా?"

"కారులో."

"మనకి కారెక్కడిది?"

"ముప్పై అడుగుల మేర ఉండింది," అన్నాడు మరిది.

ఆడే ఒక్కో పిల్ల ఇంటివాళ్ళకు మూడేసి కుర్చీలు కేటాయించారు. పెద్దమ్మ ఒకదాంట్లో, మరిది ఇంకోదాంట్లో కూర్చున్నారు. మూడోది ఖాళీగా ఉన్నా, పొట్లం కట్టిన నల్లకోటు పెద్దమ్మ ఒళ్ళోనే పెట్టుకుంది.

"వదినా, బయటికి పోవడానికీ చీటీ అడుగుతారట."

"అడగనీ. అటు చూడు, పిల్ల సర్వీసుకెళ్తోంది."