చౌడు నేల మీద రీడింగ్

లైట్ మీటర్‌కు మెదడు లేదు. ఎదురుగా ఏదున్నా బూడిద రంగే అనుకుంటుంది. తెల్లగోడకు గురిపెట్టామంటే వెలుతురు మరీ ఎక్కువైందని బెదిరి, లెన్సు కన్ను కాస్త మూయమంటుంది. దాని మాట విని మూస్తే గోడ ముందున్న మనిషి మసిబొగ్గు. అందుకే మనిషి దగ్గరికి పోయి, మొహం పక్కన పెట్టి చూడాలి. బెళుగుప్పలో ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదట చెప్పింది ఇదే. చెప్పేవి శ్రీరంగనీతులు!

పిల్లల్ని ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ పట్టు. ఊరందరి పిల్లల్నీ తీస్తూ, నా కూతురు ఇంద్రాణిని మాత్రం ఏడేళ్లు తీయలేదు. తొంభై ఎనిమిది వేసవిలో అమ్మ ఊళ్లో లేని రోజు చూసి, పిల్లను ఊరి బయటి చౌడు నేలకు తీసుకుపోయాను. ఫిల్ములో ఒక్క ఫోటోకే చోటు మిగిలింది. ఉప్పు పరిచినట్టు తెల్లటి నేల. పిల్ల ఇరవై అడుగుల దూరంలో, చెప్పులు లేకుండా నిలబడింది.

“బిరీన తియ్యి నాయనా, కాళ్లు కాల్తాండాయి!”

పాపం అనిపించి, దగ్గరికి పోకుండా ఉన్నచోటి నుంచే రీడింగ్ చూశాను. మీటర్ చూసింది పిల్లను కాదు, నేలను. అది చెప్పినట్టే నొక్కాను.

వారం తిరక్కముందే జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో ఇంద్రాణి పోయింది. “నేను జెప్పలేదా?” అని అమ్మ ఒక్కసారే అంది.

తర్వాత ఫిల్ము కడిగాను. నెగటివ్‌లో చౌడు నేల పగుళ్లతో సహా ఉంది. మొహం ఉండాల్సిన చోట ఫిల్ము గాజుముక్కలా ఖాళీగా ఉంది. వెలుతురు చాలని చోట ఫిల్ము ఏమీ దాచుకోదు. ఎన్ని ప్రింట్లు వేసినా నల్లటి ఆకారమే వచ్చింది. ప్రింట్లు వేసే ఆ చీకటిగదిలోనే కూర్చుని గట్టిగా ఏడ్చాను.

నా భార్య పద్మజ నన్నేమీ అనలేదు. “నీ కాయితం ఎందుకు? పిల్ల మొగం నా కండ్లల్లోనే ఉండాది” అంది. ఆ మాటే నన్ను ఇన్నేళ్లు బతికించింది.

రెండేళ్లుగా పద్మజకు మతిమరుపు. రోజూ అదే ప్రశ్న. “పాప మొగం గుర్తుకు రాల్యా. ఫోటో ఒగటి ఉండల్ల గదా, యాడ పెట్టినావు?”

నెగటివ్ పట్టుకుని గుంతకల్లు పోయాను. నా దగ్గరే పని నేర్చిన యేసన్న అక్కడ కంప్యూటర్ స్టూడియో పెట్టాడు. వెలుగుకు ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

“అన్నా, ఈడ ఏమీ లేదు. లేనిదాన్ని యాడనుంచి తెచ్చేది? మీ పెండ్లి ఫోటో ఇయ్యి. మీ ఇద్దరి పోలికలూ కలిపి కంప్యూటరే ఒగ మొగం చేస్తాది. అయితే అది మన పాప కాదు, ముందే చెప్తాండా.”

సరే అన్నాను. తీరా చూస్తే, అదే చౌడు నేల మీద ముచ్చటైన పిల్ల. పద్మజ కళ్లు, నా ముక్కు, నిండుగా పళ్లు. ఇంద్రాణికి అప్పటికి ముందరి పళ్లు రెండూ ఊడిపోయాయి. పైగా ఆ రోజు కాళ్లు కాలి మొహం చిట్లించుకుని ఉంది. ఈ పిల్ల ఎవరో నిప్పులాంటి ఎండలో నిలబడి నవ్వుతోంది. చించేద్దామన్నంత కోపం వచ్చింది.

పద్మజ రెండు చేతులా అందుకుంది. బొమ్మను బుగ్గకు ఆనించుకుంది. “మన ఇందూనే! నగుతాండాది చూడు. అట్లే ఉండె కదా?”

“ఊ. అట్లే ఉండె” అన్నాను.

ఫోటో ఇప్పుడు మంచానికి ఎదురుగా గోడమీద ఉంది. అసలు మొహాన్ని నేనొక్కడినైనా కాపాడుకోవాలని రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుంటాను. ఊడిన పళ్లు, చిట్లించిన కనుబొమలు వరసగా తలుచుకుంటాను.

ఈ పొద్దు కూడా మూసుకున్నాను. చౌడు నేల వచ్చింది. కాళ్లు కాల్తాండాయన్న గొంతు వచ్చింది. మొహం దగ్గరికొచ్చేసరికి, గోడమీది పిల్ల నిండుగా పళ్లు కనబడేలా నవ్వింది.