గేరాయిలు పోసిన లారీ

రామచంద్రపురంలో సూర్యప్రకాశం గారి మాటంటే మాటే. ఆయన "ఇవాళ వాన రాదు" అంటే, ముసిరిన మబ్బు కూడా మొహమాటపడి మండపేట మీదుగా వెళ్లిపోయేదని చెప్పుకునేవారు. అంతటి మనిషి, పాత లారీ అమ్మే ముందురోజు, అరిగిన ఇంజను టకటకలాడకుండా, నీలిపొగ కక్కకుండా ఉండాలని ఇంజనాయిల్లో గేరాయిలు కలిపి పోశారు. అదెంత చిక్కనంటే, కార్తీకంలో అందులో పడ్డ ఈగ మాఘమాసానికి గాని అడుగు ముట్టదు. ఇంజను కాస్తా పాలు తాగిన పసిగుడ్డులా నోరు మూసుకుంది.

కొన్నది సముద్రపు ఒడ్డున చేపల వ్యాపారం చేసే పల్లంరాజు. అతను ఇంజను చప్పుడైనా వినలేదు. "మీరు బాగుందన్నారు కదండీ, చాలండి" అని తాళాలు కళ్లకద్దుకున్నాడు. వెంట వచ్చిన అతని పిల్లని ప్రకాశం గారు పిలిచి అరటిపండు పెట్టారు.

నెల తిరక్కుండానే ఆ లారీ మళ్లీ గుమ్మం ముందు ఆగింది. ప్రకాశం గారు దొరికిపోయాననుకున్నారు. దిగిన పల్లంరాజు, అతని భార్య తలుపులమ్మ మాత్రం నవ్వుతున్నారు.

"ముందు బోర్డు చూడండి బాబుగారూ!" అన్నాడు పల్లంరాజు.

లారీ నుదుటి మీద, దేవుడి పేరు ఉండాల్సిన చోట, ఎర్రరంగుతో "సూర్యప్రకాశం గారి దీవెన" అని రాసి ఉంది.

"అమ్మవారి పేరు రాయిద్దామన్నానండి," అంది తలుపులమ్మ. "ఈయన వింటేగా! అమ్మవారు పిలిస్తే పలకదు, ప్రకాశం గారైతే పలుకుతారన్నాడండి."

ప్రకాశం గారు తల దించుకున్నారు. తన పేరు చదవడానికి ఆయనకే మొహం చెల్లలేదు.

"వచ్చిన పనేంటంటేనండి," అన్నాడు పల్లంరాజు, "పొద్దున్నే స్టార్టవ్వడానికి తెగ మొరాయిస్తోందండి. ఆయిలు మార్చాలి. మెకానిక్కేమో పదిహేను-నలభై నంబరు ఆయిలు పొయ్యమంటాడు, చూస్తే పల్చగా ఉంది. మా బావమరిదేమో గేదెపాలలాగా చిక్కగా ఉంటేనే బలం అంటాడు. నేనెవర్నీ నమ్మలేదండి. మీరేదంటే అదే."

పల్చటిదంటే సాయంత్రానికల్లా ఇంజనే నిజం అరిచి చెబుతుంది. చిక్కటిదంటే తన పరువు నిలబడుతుంది, ఇంజను నిలబడదు. స్టార్టు చేసిన ప్రతిసారీ ఆ జిగురు ఇంజను పైకెక్కేలోపే లోపలి బేరింగులు ఒరుసుకుపోయి, ఏదో ఒక తెల్లవారుజామున చేపల లోడుతో నడిరోడ్డు మీద పట్టేస్తుంది.

"చిక్క..." అన్నారు ప్రకాశం గారు.

మాట పూర్తికాకుండానే తలుపులమ్మ నమ్మకంగా తలూపింది. ఆయన ఆ మాట మధ్యలోనే ఆపేశారు.

"చిక్కటిది నేనే పోశానమ్మా. ఇంజను అరిగిపోయిందని మీకు తెలియకూడదని. మీ మెకానిక్కే నిజం చెప్పాడు."

"ఊరుకోండి, మీరు మరీనూ!" అని నవ్వాడు పల్లంరాజు. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

తలుపులమ్మ అడిగింది. "మరి తాళాలిచ్చిన రోజు మా పిల్లని పిలిచి అరటిపండెందుకు పెట్టారండి?"

ప్రకాశం గారు గుమ్మం దిగారు. "ఇంజను పని నేనే చేయిస్తాను. ముందు ఈ ఆయిలు దించేస్తాను" అని గొణిగి, పానా, ఓ పళ్లెం తీసుకుని, ఇస్త్రీ పంచెతోనే లారీ కిందకి దూరి అడుగు బోల్టు విప్పారు.

"ప్రకాశం గారూ, మీరు దూరారేంటండీ?" రోడ్డు మీంచి ఎవరో అడుగుతున్నారు. ఒకరిద్దరు ఆగారు. చక్రం పక్కన తలుపులమ్మ పాదాలు కదలకుండా నిలబడి ఉన్నాయి.

నల్లటి ఆయిలు సాగి సాగి పళ్లెంలోకి దిగుతోంది, ఎంతకీ తెగదు. అది అంత చిక్కగా ఉన్నందుకు ప్రకాశం గారు లోలోపల దండం పెట్టుకున్నారు. కారుతున్నంతసేపూ బయటికి రానక్కర్లేదు.